సాక్షి దిబ్బను సాగనంపిన వైనం

మట్టిపనికి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి "పెద్దమ్మా, బరువు ఎట్ల మోయాల?" అని అడుగుతుంటారు. బరువు మోయడం ఒకరు నేర్పనక్కర్లేదు, బరువే నేర్పుతుంది. నేర్చుకోవలసింది వేరే ఉంది. తవ్విన చోటును ఎవరు కొలుస్తారు, ఎట్లా కొలుస్తారు, కొలిచేవాడికి మన మీద నమ్మకం ఎట్లా కలుగుతుంది, పని అయిపోయిందని ఎవరంటే అయిపోయినట్టు? ఇవి తెలియనివాళ్ల మెడ ఎంత గట్టిదైనా లాభం లేదు. మోకాళ్లు మొరాయించి నేను ఇంటిపట్టున కూర్చున్నాను గనుక, చేతికి పని కావాలి గనుక, నాకు తెలిసింది రాసిపెడుతున్నాను. మద్రాసు రాజధాని రోజుల నాటి సంగతులు కదా అని తోసెయ్యకండి. పారలు మారాయి గానీ కొలిచే మనుషులు అట్లాగే ఉన్నారు.

మేస్త్రమ్మ కావడం

నేను బడి గడప తొక్కలేదు. బేస్తవారిపేటలో మా నాయన వసారాలో ఇసుక పోసి నాతో అక్షరాలు దిద్దించాడు. సాయంత్రం దీపం పెట్టాక దేవుడి దగ్గర నాలుగు స్తోత్రాలు చదువుకుంటుందని ఆయన ఆశ. ఆ అక్షరాలు చివరికి ఓవర్సీర్లు రాసిన కాగితాలు చదవడానికే ఎక్కువ అక్కరకొచ్చాయి. దేవుడు ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

మాది సేద్యం ఇల్లే. వానమీద బతికే మెట్ట. కందులు ఇంటికి చేరాక మళ్లీ తొలకరి దాకా చేలో పని ఉండదు. ఆ నాలుగు నెలలూ మా ఊళ్ల ఆడామగా ముఠాలు కట్టి మట్టిపనికి పోయేవాళ్లం. చెరువు కట్టలు, రోడ్లు, ఎక్కువగా రైలు కట్టలు. మా ఆయన ముఠా మేస్త్రి. గిద్దలూరు దాటి నల్లమలలో కట్ట మరమ్మతు చేయిస్తుండగా అడవి జ్వరం తగిలి పోయాడు.

కర్మలయ్యాక ముఠావాళ్లు కూర్చుని, ఇక మేస్త్రి ఎవరని మాట్లాడుకున్నారు. ప్రతివాడూ పక్కవాడి పేరు చెప్పాడు. పైవాళ్ల తిట్లు తినేదీ మేస్త్రే, కిందివాళ్ల గొణుగుడు వినేదీ మేస్త్రే. ఆ మాట చుట్టూ తిరిగి తిరిగి నా దగ్గర ఆగింది, నేను అప్పుడు పొయ్యి దగ్గర ఉండి కాదనలేకపోయాను గనుక. దాన్ని నా సామర్థ్యమని తర్వాత చాలామంది అన్నారు. అన్నవాళ్లందరికీ నమస్కారం.

ముగ్గురు పెద్దలు

నా మీద అజమాయిషీ చేసినవాళ్లలో ముగ్గురిని గురించి చెబితే చాలు. ముగ్గురూ ఒకే పనిలో, మద్రాసులో, ఒకే వేసవిలో తగిలారు.

మొదటివాడు మార్కాపురం ఖాదరన్న. పలకల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి మట్టి కంట్రాక్టులోకి దిగిన మనిషి. ముఠాలను రైలెక్కించి తీసుకుపోవడం, పని అప్పగించి మళ్లీ ఊరు చేర్చడం ఆయన పూచీ. కోపమొస్తే ఉర్దూలో తిట్టేవాడు. మాకు అర్థం కాదని ఆయన ధీమా, అర్థమవుతుందని చెప్పకపోవడం మా మర్యాద. "తిట్టిన నోటితోనే నమాజు చేస్తావేందన్నా?" అని మా ముఠాలోని తిరపతమ్మ ఒకసారి అడిగేసింది. "అందుకే ఐదుసార్లమ్మా. తక్కువ తిట్టేవాడైతే ఒక్కసారి చాలు" అన్నాడు. పిల్లాపాపలతో ఊరు దాటిన ముఠాను ఆయన ఎన్నడూ నడిదోవలో వదిలిపెట్టలేదు. ఆ ఒక్క గుణానికి ఎన్ని తిట్లయినా పడవచ్చు.

రెండోవాడు ఓవర్సీరు రంగనాథం గారు. మద్రాసులో స్థిరపడిన తెలుగువారు. నుదుట నామం, చంకలో గొడుగు. మంచివాడు. మంచివాడి కింద పని చేయడం ఎంత కష్టమో మీకు ముందు ముందు తెలుస్తుంది. కాదని ఎవరినీ నొప్పించడు, అవునని దేనికీ పూచీపడడు. "చూద్దాం లేమ్మా" అనేది ఆయన ఊతపదం. మేము దాన్ని చూసీ చూసీ అలసిపోయాం.

మూడోవాడు దొర. ఆయన పేరు మాకు నోరు తిరగదు, మా పేర్లు ఆయనకు తిరగవు. ఆ ఒక్క విషయంలో ఆయనా మేమూ సమానం. ఎండలో మాతోపాటు నిలబడేవాడు, చెప్పింది వినేవాడు. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పేవాడు. అది పెద్ద గుణం. ఇక్కడ పుట్టిన దొరలకు దాన్ని నేర్పాలని చాలా ఏళ్లు చూశాను.

ఆ వేసవి పని

పట్నంలో ఆవిరి బండ్ల చోట కరెంటు బండ్లు వస్తాయన్నారు. నిప్పూ పొగా లేకుండా, పైన కట్టిన తీగెను తాకుతూ, స్టేషను స్టేషనుకూ ఆగుతూ పరుగెత్తే బండ్లు. జనం శివార్లలో ఇళ్లు కట్టుకుని రోజూ పొద్దున ఆఫీసులకు పోయి సాయంత్రం తిరిగి వస్తున్నారు, బండ్లు చాలడం లేదు. ఉన్న పట్టాల పక్కన ఇంకో జత పట్టాలు వేయాలి, ప్లాట్‌ఫారాలు పొడిగించాలి. శివారులో ఒక చిన్న స్టేషను పక్కన ఎర్రమట్టి మిట్ట దారికి అడ్డంగా ఉంది. దాన్ని లైను మట్టానికి తవ్వి, ఆ మట్టిని కొంచెం ముందున్న పల్లంలో పోసి కట్ట ఎత్తాలి. ఆ ముక్క మా ముఠాది.

గుంటూరు మీదుగా బెజవాడ చేరి, అక్కడ పెద్ద లైను బండెక్కి పట్నంలో దిగాం. మా ఊరి బండి కంభం నుంచి కదిలితే పక్కన ఎద్దులబండివాడు పలకరిస్తూ రాగలడు. అట్లాంటి బండిలో వచ్చినవాళ్లం, పట్నంవాళ్లు ఇంకా తొందరగా ఆఫీసుకు పోవడానికి మిట్టలు తవ్వుతున్నాం. నవ్వొచ్చేది. అయినా మట్టికి తొందర ఉండదు. తొందరపడే బండికైనా ముందు మట్టిని నిదానంగా ఒక్కో తట్టగా ఎత్తవలసిందే.

తిరపతమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. మా ఆయనకు చిన్నాన్న కూతురు, నాకు ఆడబిడ్డ వరస. నన్ను మాత్రం అక్కా అనే పిలిచేది. మొగుడు ఆ ఏడు గట్టు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. ఇద్దరికీ కలిపి ఊరి బయట ఒక మెట్ట చేను. దాని మీద మొగుడి అన్న సుబ్బయ్యకు ఎప్పటినుంచో కన్ను. బయలుదేరేటప్పుడు అందరి ముందూ చెప్పాడు: "తొలి పదునుకు నువ్వొచ్చి విత్తకపోతే నా గొర్రు దిగుతాది. చేను బీడుపడితే ఇంటి పరువు పోతాది గదా." మా పక్క తొలి వాన పదునున విత్తే గొర్రు కట్టినవాడిదే ఆ ఏటి పంట. ఒక ఏడు చేలో దిగిన గొర్రు మరుసటి ఏడు గట్టు ఎక్కదనేది అందరికీ తెలుసు. రోహిణి కార్తె ఎండలు పోయి మృగశిర వచ్చేలోగా ఇల్లు చేరితేనే తిరపతమ్మకు చేను. అందుకే తట్టతో నడిచేది కాదు, పరుగెత్తేది.

సాక్షి అంటే ఏంది

నేలను తవ్వుతూ పోతే, ముందు ఎంత ఎత్తు ఉండిందో కొలిచేవాడికి ఎట్లా తెలుస్తుంది? అందుకని అక్కడక్కడా మనిషి నిలబడేంత చోటు తవ్వకుండా వదిలేస్తాం. చుట్టూ నేల దిగిపోతుంటే ఆ మట్టి స్తంభాలు పైన గడ్డితో సహా అట్లాగే నిలబడి ఉంటాయి. వాటినే సాక్షి దిబ్బలంటారు. పని ముగిశాక ఓవర్సీరు వచ్చి సాక్షి నెత్తి మీదినుంచి కిందికి టేపు వదిలి లోతు తీసుకుంటాడు, కూలి ఆ లోతును బట్టే. పైనుంచి దొర వచ్చి సరిచూస్తాడు. ఆ తర్వాత సాక్షులను కూడా తవ్వేసి నేల చదును చేస్తే పని అప్పగించినట్టు. సాక్షి లేచిపోయేదాకా ముఠాకు సెలవు లేదు.

కొన్ని ముఠాలు చీకటి మాటున సాక్షి నెత్తిన మట్టి పోసి, పైన గడ్డి చెక్క అతికించి లోతు పెంచేవి. ఆ పేరు మనకు రాకూడదని మా ఆయన ఒక పద్ధతి పెట్టాడు. గడ్డపార మొదట దిగకముందే, సాక్షిగా వదలబోయే చోట గడ్డి మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టుకునేవాళ్లం. మా పక్క అందరూ పని మొదలుపెట్టేటప్పుడు చేసేదే. కాకపోతే ఆ బొట్టు కనిపిస్తున్నంత కాలం పైన ఎవరూ మట్టి వేయలేదని లెక్క. గిద్దలూరు, కంభం పక్క ఓవర్సీర్లందరికీ ఇది తెలుసు. బొట్టు చూసి మారు మాట లేకుండా టేపు పెట్టేవాళ్లు.

మద్రాసులో ఇది ఎవరికి తెలుసు? చెప్పాలని మాకు తోచనేలేదు.

రైలమ్మ వెలియడం

ప్లాట్‌ఫారం కంచె పక్కనే ఉన్న సాక్షి మొదట పూలమ్మే ముసలామె కంట్లో పడింది. చుట్టూ నేల రోజురోజుకూ దిగిపోతోంది, పసుపు కుంకుమలతో ఆ ఒక్క దిబ్బ పైకి లేస్తోంది. దిబ్బ పెరగడం లేదని, మేమే కిందికి పోతున్నామని కంచె అవతలనుంచి చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఒక మూర మల్లెలు తెచ్చి వేసిందామె. మర్నాడు ఇంకెవరో కర్పూరం వెలిగించారు.

మా పనివల్ల ఆ రోజుల్లో బండ్లు ఆలస్యంగా నడిచేవి. ఆఫీసులో మాట పడాల్సి వస్తుందని కోటు తలపాగా వాళ్లు దిబ్బకు దండం పెట్టి బండెక్కసాగారు. పని ముందుకు సాగేకొద్దీ బండ్లు వేళకు రావడం మొదలైంది. అది అమ్మ మహిమ అయింది. మట్టి మోసి మోసి మా నెత్తులు కాయలు కాశాయి గానీ, మా మహిమ అని ఒక్కరూ అనలేదు. రైలమ్మ అని పేరు పెట్టారు. ఎక్కడినుంచి వచ్చాడో ఒక పూజారి కూడా వచ్చి కూర్చున్నాడు. ఎర్ర పంచె, నోటినిండా మంత్రం. అది ఏ భాషో ఎంత చెవి పెట్టినా నాకు తెలియలేదు.

రంగనాథం గారు వచ్చి మిగతా సాక్షులన్నీ కొలిచారు. దొర సరిచూశాడు, వాటిని తవ్వేశాం. ఈ ఒక్కదాని దగ్గర ఓవర్సీరు గారు చెప్పులు విడిచి నిలబడ్డారు.

"ఏమ్మా మేస్త్రమ్మా, ఇదేమిటి?"

"సాక్షండీ. మేము వదిలిందే."

"అది నాకూ తెలుసు. ఇప్పుడు ఏమిటని?"

ఆయన రెండు చేతులూ జోడించి, "చూద్దాం లేమ్మా" అని వెళ్లిపోయారు.

గడ్డపార దిగలేదు

రోహిణి సగం గడిచింది. దిబ్బ తీసేసి పని అప్పగించమని దొర ఉత్తరువు. మా మగవాళ్లను పిలిచి తవ్వమన్నాను. ఒకడు నడుము పట్టిందన్నాడు, ఒకడు నీళ్లకు పోయి రాలేదు. మూడోవాడు గడ్డపార కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. సరే, అందరికన్నా తొందర ఉన్న మనిషి తిరపతమ్మ గదా అని పార ఆమె చేతికిచ్చాను. ఆమె వెనక్కి అడుగేసింది.

"నా వల్ల గాదక్కా."

"ఏందే? ఆ పసుపు రాసింది నువ్వే గదా? నీ చేత్తోనే గదా బొట్టు పెట్టింది?"

"పెట్టింది నేనే. వచ్చి కూచునింది ఆమె. ఇంతమంది మొక్కినాక రాకుండా ఉంటాదా?" అని, గొంతు తగ్గించి, "నేనూ మొక్కినా. నేను పోయేదాకా వాన ఆపమని. ఇప్పుడు ఆమె నెత్తినే పార వేస్తే నా చేనేంగాను?" అంది.

పిల్లల్లారా, అప్పుడు నేను నవ్వలేదు. పిలిచిన చోటికి రావడం దేవుడికి కొత్త కాదు. మా ఇంట పసుపు ముద్ద చేసి వినాయకుడా అంటే వస్తున్నాడు, ఇక్కడ రాకపోవడానికి ఆమెకేం అడ్డం? వచ్చిందో లేదో తేల్చే యోగ్యత నాకు లేదు. కాకపోతే ఆమె ఉన్నన్నాళ్లు తిరపతమ్మ ఊరికి పోలేదు, ఆమెను తీస్తే తిరపతమ్మకు బతుకు మీద నమ్మకం పోతుంది. సందు ఏదీ కనిపించలేదు.

ఓవర్సీరు గారు ఇంకో ముఠాను తెచ్చారు. వాళ్లు గడ్డపార ఎత్తేసరికి కోటు తలపాగాలు దిబ్బచుట్టూ నిలబడ్డాయి. వాళ్లకు నాయకుడు నెల్లూరు పక్కనుంచి వచ్చిన ఒక గుమాస్తా. ఏ ఆఫీసో గానీ, ఆ పొద్దు అది ఆయన లేకుండానే నడిచేటట్టు కనిపించింది. "మా శవాల మీదుగా తవ్వండి!" అన్నాడు. బండి కూత వినిపించేసరికి, శవాల సంగతి సాయంత్రం చూద్దామని అందరూ పరుగెత్తారు. అయినా ఆ ముఠా భయపడి వెళ్లిపోయింది.

దొర వచ్చాడు. కోప్పడలేదు. దిబ్బ చుట్టూ తిరిగి చూసి ఓవర్సీరు గారిని ఏదో అడిగాడు. ఆయన తెలుగులో నాకు చెప్పారు: "ఈ దేవతకు బాధ్యులు ఎవరని అడుగుతున్నారు."

"మీరేం చెప్పినారండీ?"

"నువ్వేనని చెప్పాను."

ఎన్ని ఏళ్లు మేస్త్రిగా చేసినా అంత పెద్ద అధికారం నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఖాదరన్న మాట

ఈలోగా మార్కాపురం పోయి మా ఊరు కూడా చూసిన ఖాదరన్న అప్పుడే తిరిగి వచ్చాడు. వస్తూనే తిరపతమ్మను పక్కకు పిలవకుండా అందరిలోనే అన్నాడు. ఆయనకు గుట్టుగా మాట్లాడడం రాదు.

"నల్లమల మీద మబ్బు కట్టింది తల్లీ. మీ బావ గొర్రుకు కొత్త తాళ్లు పేనుతున్నాడు. అరుగు మీద కూచుని, అందరికీ కనపడేటట్టు."

తిరపతమ్మ ఏడవలేదు. తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు విప్పి మళ్లీ చుట్టింది. విప్పింది, చుట్టింది.

నేను జరిగినదంతా చెప్పాను. ఆయన విని, గడ్డం గోక్కుని, "అయితే చెల్లెమ్మా, ఒక మాట అడుగుతా. పీర్ల పండగకు మీ ఊళ్లో పీరు ముందర మొదట ఊదు వేసేది ఎవరు?" అన్నాడు.

"మా ఇంటివాళ్లే."

"పదో నాడు ఏం జేస్తాం?"

"ఏటికి సాగనంపుతాం."

"గుంజి పారేస్తామా?"

"ఛ, అదేం మాటన్నా!"

"మరి? వచ్చినోళ్లను మెడబట్టి నెడితే తప్పు. మేళం పెట్టి సాగనంపితే మర్యాద. మీ వినాయకుణ్ణి పంపరా? ఈమెను ఉండమని మొక్కినోళ్లే గానీ, పోయి రమ్మని అడిగినోళ్లు ఒక్కరూ లేరు." అని, అంత మంచి మాట తన నోట వచ్చినందుకు తనే కంగారుపడి, వెంటనే ఉర్దూలో మమ్మల్నందరినీ ఒక తిట్టు తిట్టాడు.

మతం గురించి నాకు తెలిసినవాటిలో ఎక్కువ మా నాయన చెప్పినవి. ఈ ఒక్కటి మాత్రం ఖాదరన్న చెప్పింది. ఇద్దరికీ రుణపడి ఉన్నాను.

కోట్లు మట్టి మోయడం

సాయంత్రం బండి దిగిన గుమాస్తాను ఆపి మాట్లాడాను.

"అయ్యా, అమ్మను తీసెయ్యడం లేదు. సాగనంపుతున్నాం. ఈ మట్టి చెత్తలో పోదు. ముందున్న పల్లంలో కట్ట కింద పోస్తాం. మీ కరెంటు బండి రోజూ ఆమె మీదుగానే పోతుంది."

"మీదుగానా? అంటే తొక్కుతూనా?" అన్నాడు. ఆఫీసు మనిషి గదా, ఎక్కడ పట్టుకోవాలో తెలుసు.

"రోజూ పొద్దున లేచి నేల మీద కాలు పెట్టేముందు ఏం చేస్తారయ్యా?"

"క్షమించమని నమస్కారం చేసుకుంటాను."

"పెట్టడం మానరు గదా?"

ఆయన కాసేపు తలపాగా సర్దుకున్నాడు. "అమ్మ మట్టిని ట్రాలీలో వేయకూడదు. తల మీద మోయాలి" అన్నాడు. ఓడిపోయినవాళ్లు చివరగా ఒక షరతు పెట్టుకోవడం నేను అన్ని పనుల్లోనూ చూశాను. దాన్ని ఒప్పేసుకోవాలి.

"మీ ఇష్టమయ్యా. మోసేవాళ్లు మీరే అయితే ఇంకా మేలు" అన్నాను.

మర్నాడు సెలవు రోజు. పొద్దున్నే మేళం వచ్చింది. దొర వచ్చాడు, ముందు కొలత కావాలి గదా. ఓవర్సీరు గారు చెప్పులు విడిచి, దిబ్బ నెత్తిన టేపు పెట్టబోయారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇన్నాళ్లు వేసిన పసుపు, కుంకుమ, కర్పూరం మసి, వాడిన పూలు అన్నీ పేరుకుని సాక్షి నెత్తి ఎత్తయింది. అట్లాగే కొలిస్తే మేము తవ్వినదానికన్నా ఎక్కువ తవ్వినట్టు. దొంగ ముఠాలు చీకట్లో చేసేది పట్నం భక్తులు పట్టపగలే మాకోసం చేసిపెట్టారు.

"పోనీలేమ్మా, అమ్మ ప్రసాదం అనుకో" అన్నారు ఓవర్సీరు గారు. మంచివాళ్ల కింద పని కష్టమన్నది ఇందుకే. నేను నిచ్చెన వేయించుకుని ఎక్కి, ఆ పేరుకున్నదంతా చేతులతో కొంగులోకి తీశాను. అడుగున ఎండిన గడ్డి దుబ్బు కనిపించాక, అక్కడ టేపు పెట్టమన్నాను. ఎందుకని దొర అడిగితే ఓవర్సీరు గారు చెప్పినట్టున్నారు, ఆయన టోపీ తీసి పెట్టుకున్నాడు. నాకోసమా, అమ్మకోసమా, ఎండకా అన్నది తెలియదు.

హారతి ఇచ్చి, "అమ్మా, పోయి రా. మళ్లీ పిలిస్తే రా" అని నేనే ఉద్వాసన చెప్పాను. గడ్డపార మొదటి పోటు తిరపతమ్మ వేసింది, కళ్లు మూసుకుని. మట్టి పెళ్ల విరిగి పడింది. ఆకాశం పడలేదు. ఆమె ఒక కన్ను తెరిచి చూసి రెండో పోటు వేసింది.

తర్వాత ఆ వరుస చూడాలి! కోట్లు విప్పి కంచె మీద వేసి, తలపాగాల మీదే తట్టలు పెట్టుకుని గుమాస్తాలు బయలుదేరారు. తిరపతమ్మకు ప్రాణం లేచి వచ్చింది. పక్కన నడుస్తూ ఒకటే అదిలింపు.

"అయ్యా, మెడ నిటారుగా పెట్టు! ఇది ఆఫీసు గాదు, వంగితే పడతాది."

"ఏమమ్మా, ఇంత బరువా?" అన్నాడు నెల్లూరు గుమాస్తా, చెమటలు కక్కుతూ.

"అది సగం తట్టే గదయ్యా. పెద్దమనిషివని తగ్గించి పోసినా. నిండు తట్ట మా అత్త మోస్తాది చూడు, ఆ ముందు పోయే ముసలామె."

మధ్యాహ్నానికి దిబ్బ లేదు. నేల చదునైంది. మద్రాసులో మా ముఠా చేసిన పని అంతటిలో, పట్నంవాళ్ల చేతులతో కదిలిన మట్టి అదొక్కటే. పూజారి మర్నాడు కనిపించలేదు. రెండు స్టేషన్ల అవతల ఒక వేపచెట్టు కింద చూశామని తర్వాత ఎవరో చెప్పారు. ఆయన బతుకూ బతకాలి గదా.

సామాను కట్టుకుంటుంటే రంగనాథం గారు వచ్చారు. "మేస్త్రమ్మా, లైను ముందుకు పోతే ఇంకో చోట ఒక చిన్న గుడి అడ్డం వస్తోంది. అసలు గుడే. నువ్వుంటే బాగుంటుంది. మీ ముఠాకు ఏడాది పొడుగునా పని ఇప్పిస్తాను."

తిరపతమ్మ మూట బిగిస్తూ నా వైపే చూస్తోంది. నేను ఏమంటానో అన్న భయం ఆ కళ్లలో.

"చూద్దాం లెండి" అన్నాను.

ఆయన మొదట నొచ్చుకున్నారు, తర్వాత గొడుగు చాటున నవ్వుకున్నారు.

ఊరు చేరాక

పెద్ద లైను బండి దిగి మా చిన్న బండెక్కాక తిరపతమ్మ ఇంజనును తిట్టని స్టేషను లేదు. "ఈ దోవకు గూడా కరెంటు పెట్టకూడదా? మనుషులు గామా మనం?" అని పెట్టెలో ఉన్నవాళ్లందరినీ అడిగింది. కంభంలో దిగి, దొరికిన బండి కట్టించుకుని బేస్తవారిపేట చేరేసరికి మృగశిర పుట్టింది. ఆమె ఇంటికి పోకుండా తిన్నగా చేనికి పోయింది. సుబ్బయ్య గొర్రు ఆయన అరుగు మీదే ఉంది.

వాన పడలేదు.

నల్లమల మీద కట్టిన మబ్బు యర్రగొండపాలెం దిక్కుకు తేలిపోయింది. మృగశిర అంతా గాలి. తిరపతమ్మ రోజూ గట్టు మీద నిలబడడం, సుబ్బయ్య అరుగు మీద కూర్చోవడం. "అంత దూరాన్నుంచి ఉరుక్కుంటా వచ్చినారు, వచ్చేటప్పుడు వానను గూడా తీసుకొని రావాల్సింది" అని ఆయన ఎత్తిపొడుపు.

"నేను పోయేదాకా ఆపమని మొక్కినానక్కా," అంది తిరపతమ్మ నాతో, దిగులుగా. "చేరినాక విడవమని చెప్పడం మరిచిపోయినా. ఇప్పుడు యాడుందో ఆమె, పట్నంలో బండ్ల కింద. ఎట్ల చెప్పేది?"

ఆమె అడిగింది నిజంగానే. అందుకని నేనూ నిజంగానే జవాబు చెప్పాను. "మొక్కు విన్న ఆమెకు మిగతాది తెలియదా? ఉండు."

తర్వాతి కార్తె ఆరుద్రలో వాన పడింది. ఒక రాత్రంతా, నిదానంగా, నేల తాగినంత. పొద్దున చేలోకి పోతే పాదం కింద పదును. తిరపతమ్మ గొర్రు కట్టింది, కొర్ర, మధ్యలో కంది సాలు. మొగుడు కర్రలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చి గట్టున కూర్చుని, సాలు వంకర పోతోందని అరుస్తూనే ఉన్నాడు. అంత సంతోషంగా అరిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు. మధ్యాహ్నం సుబ్బయ్య తన కొత్త తాళ్లు భుజాన వేసుకుని వచ్చాడు. ఏమంటాడోనని అందరం చూస్తున్నాం. ఆమె గొర్రు తాడు ఒకటి నలిగి ఉండడం చూసి, దాన్ని విప్పి, తన తాడు కట్టి వెళ్లాడు.

నెల తిరిగేలోగా ఖాదరన్న బండి దిగి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. పట్నంలో దొర మళ్లీ మా ముఠానే అడుగుతున్నాడని, ప్లాట్‌ఫారం పొడిగించే పని నిలిచిపోయిందని, కరెంటు బండ్లు మొదలయ్యేలోగా కావాలని, వెంటనే కదలాలని ఒక్క ఊపిరిలో చెప్పాడు. తిరపతమ్మ అప్పుడే కలుపు తీసి, మట్టి చేతులతో వచ్చి నిలబడింది.

"కోతలయినాక వస్తామని చెప్పు సాయిబన్నా," అంది. "రైలు ఆగుతాది. కొర్ర ఆగదు."

ఖాదరన్న ఉర్దూలో ఒకటి తిట్టి, మజ్జిగ తాగి వెళ్లాడు. కోతలయ్యేదాకా ప్లాట్‌ఫారం ఆగింది.